అర్థమైంది మేడమ్!

కోటిరత్నానికి విసుగొచ్చింది. కోపమైతే కాస్త బాగుండేది, కానీ కోపానికి ఓపిక కావాలి, అదీ లేదు. పదకొండేళ్ళుగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతోంది. క్లాసులో బుద్ధిగా తలలూపే పిల్లలు పరీక్షలో మాత్రం తెల్ల కాగితాలు చేతిలో పెడుతున్నారు.

జిల్లా ఆఫీసులో డెప్యుటేషన్ ఒకటి ఖాళీగా ఉంది. వెళ్తారో లేదో శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు హెడ్మాస్టరు గారు. అక్కడ కుర్చీ, ఫ్యాను, ఫైళ్ళు. ఫైళ్ళకు పాఠాలు చెప్పే పని లేదు.

గురువారం బడి వదలగానే ఖాదర్ షరీఫ్ మాస్టారింటికి వెళ్ళింది. బి.ఎడ్.లో ఆమెకు పాఠం చెప్పింది ఆయనే. రిటైరై పన్నెండేళ్ళయినా, చుట్టుపక్కల సైన్సు టీచర్లకు ఏ కష్టమొచ్చినా ఆ గుమ్మమే ఎక్కుతారు.

మాస్టారు విరిగిన గొడుగు పుల్లకు తీగ చుట్టుకుంటూ అంతా విన్నారు.

"ఇంకెన్నిసార్లు చెప్పాలి మాస్టారూ? అర్థమైందా అంటే అర్థమైందంటారు. తీరా చూస్తే గుండుసున్నా. ఇక నావల్ల కాదు." ఆమె పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నాలుగు ధైర్యవచనాలు చెబుతారనుకుంది. ఆయన గొడుగు పక్కన పెట్టి, "రేపు నీ పాఠం వినాలనుందమ్మా," అన్నారు. టీ ఇప్పించి పంపేశారు.

మర్నాడు చివరి పీరియడుకు మాస్టారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి తొమ్మిదో తరగతి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. కోటిరత్నం స్ప్రింగ్ త్రాసుకు రాయి కట్టింది. గాలిలో అయిదువందల గ్రాములు చూపించింది. బకెట్టు నీళ్ళలోకి దించితే మూడువందలే. నీళ్ళు వస్తువును పైకి నెట్టే ఉత్ప్లవన బలం గురించి చెప్పింది. సూత్రం రాసింది. పాఠం చక్కగానే సాగింది, ఒట్టు.

"అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్!" పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు నలభై రెండు మంది.

వెనక నుంచి మాస్టారు లేచి చేతులు కట్టుకున్నారు. "నాకు అర్థం కాలేదండీ."

పిల్లలు కిసుక్కున నవ్వారు. కోటిరత్నం కూడా నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకుంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

"అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్!"

"కాలేదండీ."

ఆమె చెవులు వేడెక్కాయి. నలభయ్యేళ్ళు ఇదే పాఠం చెప్పిన మనిషి, పిల్లల ముందు నన్నిలా ఆడించడమేమిటి అని మనసు చివుక్కుమంది. పళ్ళ బిగువున మూడోసారి చెప్పింది.

"కాలేదండీ," అన్నారు మాస్టారు, అంతే వినయంగా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడో బెంచీలో ఈశ్వరమ్మ అనే పిల్ల సగం లేచింది.

"మేడమ్... నాక్కూడా కాలేదు."

"ఏది కాలేదు?"

"రాయి అదే రాయి కదా మేడమ్. మరి ఆ రెండువందల గ్రాములు ఎటుబోయినయ్? ఎవరో ఒకరు మోయాల గదా?"

"నాక్కూడా అదే మేడమ్," అన్నాడు కిటికీ పక్క కుర్రాడు. ఆ తర్వాత ఒక్కొక్క చెయ్యీ లేచింది. కోటిరత్నం లెక్కపెట్టడం మానేసింది.

జవాబు చెబుదామని నోరు తెరిచింది. నిర్వచనం వచ్చు. సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఈ పిల్ల అడిగింది మాత్రం రాదు. ఆమెను గంట కాపాడింది. పిల్లలు సంచులు తగిలించుకుని వెళ్ళిపోయారు.

ఖాళీ గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె వచ్చి మాస్టారి ముందు బెంచీలో కూలబడింది.

"మీకు తెలిసి కూడా అలా ఎందుకన్నారు మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనా అలిసిపోయే ఉన్నారు.

"నేనూ మీ క్లాసులో ఇదే పాఠం చెప్పి, ఇలాగే అడిగానమ్మా. మొదటి బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా అరిచింది నువ్వే. నేనది నమ్మి, చాక్‌పీసు జేబులో వేసుకుని వెళ్ళిపోయాను."

కోటిరత్నం తల దించుకుంది. సిగ్గేసింది.

"ఆ రోజు నాకు అర్థం కాలేదండీ," అంది.

మాస్టారు బల్ల పట్టుకుని మెల్లగా లేచారు. "అయితే ముందు ఆ బకెట్టును తూచుదాం. రాయి దించక ముందొకసారి, దించాక ఒకసారి."

అంతలో అటెండరు నరసయ్య గుమ్మంలోంచి తల పెట్టాడు. "మేడమ్, ఎల్తారో లేదో కనుక్కోమంటన్నారు పెద్దసారు. జిల్లా ఆఫీసోళ్ళు ఫోన్ లైన్లో ఉన్నారంట."

కోటిరత్నం బెంచీలోంచి లేవలేదు.

"నేను క్లాసులో ఉన్నానని చెప్పు నరసయ్యా."