గవరవ్వ చేతుల మంత్రం

ఊ కొట్టండి, చెబుతాను. మీ తాతకి తాత ఇంకా పుట్టని రోజుల్లో, కొండకి దిగువన, వాగుకి ఎగువన ఒక ఊరుండేది. ఆ ఊళ్లో గవరమ్మ అని ఒకావిడ. పొలం లేదు, పుట్ర లేదు, నా అన్నవాళ్లు లేరు.

మొదట్లో ఉండేవారు. ముగ్గురు పిల్లలు. మూడు వానాకాలాల్లో ముగ్గురూ వాంతులూ బేదులూ పట్టుకుని పోయారు. "అమ్మవారికి కోపమొచ్చింది" అన్నారు ఊరివాళ్లు. ఏటేటా అదే మాట. వాన వస్తుంది, జబ్బు వస్తుంది, పసివాళ్లు పోతారు, అమ్మవారికి కోపమొచ్చిందంటారు.

పిల్లలు పోయాక గవరమ్మ కుంకుడు పని పట్టింది. కొండెక్కి కాయలేరేది. ఎండబెట్టేది. కొట్టి నానబెట్టి, ఇంటింటికీ వెళ్లి తలంట్లు పోసేది. ఎవరింట్లో పసివాడికి జబ్బు చేసినా వెళ్లి పక్కన కూర్చునేది. వాంతి ఎత్తేది, గుడ్డలు ఉతికేది. అయినా జబ్బు ఆవిణ్ణి ముట్టలేదు. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, పదేళ్లు.

"ఏటిది? నాకే ఎందుకు రాదు?" అని ఒకనాడు తన చేతులకేసి చూసుకుంది. పొద్దస్తమానం నురగలో నానిన చేతులు. తెల్లగా, ముడతలుపడి ఉన్నాయి.

"ఓలమ్మో! జబ్బు చేతులెక్కి నోట్లోకి పోతంది! నా చేతులెక్కితే నురగ కడిగేస్తంది!"

ఆ పూట తన ముగ్గురినీ తలుచుకుని కడుపారా ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

నాట్లు వచ్చాయి. తల్లులు మడుల్లోకి దిగాలి. చంటిపిల్లల్ని ఎవరు చూస్తారు? "నా పాకలో వదిలెయ్యండమ్మా" అంది గవరమ్మ. ఇరవైమంది చేరారు. అందరూ ఐదేళ్ల లోపువాళ్లే.

మొదటిరోజు బతిమాలింది. "నా బంగారాలు కదూ, చేతులు కడుక్కోండర్రా." ఎవరూ కదల్లేదు. రెండోరోజు కేకలేసింది. అందరూ గడ్డివాము వెనక దాక్కున్నారు. మూడోరోజు ఏమీ అనలేదు. కొండమ్మ అని నాలుగేళ్ల గుంట ఉంది, మహా గడుసుది. దాని అరచేతిలో ఇంత పసుపు రాసి, "ఆడుకో పో" అంది.

కొండమ్మ చెక్కబొమ్మ పట్టుకుంది. బొమ్మకి పసుపు. పక్కనున్న బుడతడు ఎరకయ్య బొమ్మ లాక్కుని ముక్కు గోక్కున్నాడు. ముక్కుకి పసుపు. వాడే ముంత ఎత్తి నీళ్లు తాగాడు. ముంతకి పసుపు. అన్నాలవేళకి ఇరవై మూతులూ పసుపే!

"చూశారా? పసుపు గనక కనబడింది. జబ్బు పురుగూ ఇలాగే పాకుతాది. కంటికి మాత్రం ఆనదు" అంది గవరమ్మ.

కొండమ్మ కళ్లు చక్రాలయ్యాయి. "కడుపులోకి పోతాదా అవ్వా?"

"పోతాది."

"అయితే తియ్యి అవ్వా! బేగి తియ్యి!"

కుంకుడు నురగ గిన్నె ముందు పెట్టింది. అందరిచేతా పాడించింది.

"అరచెయ్యి తోము, పైచెయ్యి తోము,
సందున నక్కిన దొంగని తోము!"

దొడ్డికెళ్లి వస్తే తోము. మట్టిలో ఆడి వస్తే తోము. అన్నానికి కూర్చుంటే తోము. రోజూ అదే పాట, అదే నురగ. ముంతలోకీ పురుగు పాకుతుందని, తాగే నీళ్లు తనే కాచి చల్లార్చి పోసేది. ఇళ్లకెళ్లాక పిల్లలు తల్లుల పీకలమీద కూర్చునేవారు. "నురగేదే అమ్మా? నాను తినను, ఫో!"

పెద్దవాన వచ్చింది. జబ్బు వచ్చింది. పైవీధిలో పడింది, నడివీధిలో పడింది, కిందివీధిలో పడింది. గవరమ్మ పాకలో పిల్లలు ఇరవైమందికి ఇరవైమందీ గెంతుతున్నారు.

ఊరు మెచ్చుకుందా? లేదు. "ఊరంతా మూలుగుతూంటే దాని పాకలో పిల్లలకేం కాలేదేం? చిల్లంగి చేసింది!" అన్నారు. కర్రలు పట్టుకుని పాక మీదికి వచ్చారు. ముందు మునసబు సింహాద్రి నాయుడు, వెనక ఊరు.

"గవరమ్మా, నీ మంత్రాలు కట్టిపెట్టి ఊరు విడిచి పో!"

పిల్లలు వచ్చి గవరమ్మ కాళ్లు చుట్టేసుకున్నారు. ఆ చిన్న చేతులు తగిలేసరికి ఆవిడకి ధైర్యం వచ్చింది.

"పోతాను బాబూ. పోయేముందు నా మంత్రం మీ చేతిలో పెట్టి పోతాను" అని నాయుడి అరచేతిలో పసుపు పోసింది.

నాయుడికి ఒళ్లు మండింది. పసుపు దులిపేశాడు. కోపంగా మీసం దువ్వాడు. చెమట తుడుచుకున్నాడు. తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు.

"నాయుడు తాత మూతికి పురుగులు! మీసానికి పురుగులు!" అని కొండమ్మ అరిచింది. ఇరవైమందీ పకపకా నవ్వారు. వెనక ఊరూ నవ్వింది.

గవరమ్మ నవ్వలేదు. "నా ముగ్గురు పిల్లలకీ ఈ చేతుల్తోనే అన్నం పెట్టాను బాబూ. తెలీక పెట్టాను. ఇప్పుడు తెలిసింది. తెలిశాక చెప్పకుండా ఎలా పోను?"

కర్రలు ఒక్కొక్కటే కింద పడ్డాయి. నాయుడు తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత గిన్నె ముందు గొంతుక్కూర్చుని, "ఎలా తోమాలో చెప్పమ్మా" అని కొండమ్మని అడిగాడు.

కొండమ్మ చెప్పింది. ఆ నాలుగేళ్ల గుంట పాడుతూంటే మునసబు తోముకున్నాడు. ఆయన వెనక పైవీధి, నడివీధి, కిందివీధి. ఊరంతా నురగే! ఇంటింటా నీళ్లు కాగాయి. పడినవాళ్లు మెల్లగా లేచారు, కొత్తగా ఎవరూ పడలేదు. మరుసటేడు వాన వచ్చింది, జబ్బు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు.

గవరమ్మ పండుముసలి అయ్యేదాకా బతికి కన్నుమూసింది. పిల్లల్లేని ఆ తల్లి పాడె వెంట మూడు వీధుల పిల్లలూ నడిచారు. ఊరు ఆవిడకి గుడి కట్టలేదు, బొమ్మ నిలపలేదు. కానీ ఇప్పటికీ ఆ ఊళ్లో పెళ్లయినా, పేరంటమైనా, ఆకులు వేశాక ఆ ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల భోజనాల బంతి వెంట నడిచి వస్తుంది. పెళ్లికొడుకైనా, ఊరిపెద్దైనా, రెండు చేతులూ తిప్పి చూపించాల్సిందే. ఆ పిల్ల తేరిపార చూసి, "గవరవ్వ తినమంది!" అంటుంది. అప్పుడే అన్నం వడ్డిస్తారు. కడగని చెయ్యి చూపిస్తే ఎంతటివాణ్ణయినా బంతిలోంచి లేపేస్తుంది, ఎవరూ అడ్డుచెప్పరు.

నేను చెప్పాల్సింది చెప్పాను, మీరు ఊ కొట్టాల్సింది కొట్టారు. అదిగో, లోపల అన్నం ఉడికింది. లేవండర్రా, ఏవీ చేతులు?