ఒరగని బండి

"చెల్లెలు పోయిన రోజున కూడా నా కంట చుక్క నీరు రాలేదు గురువుగారూ. ఇల్లంతా గుండెలు బాదుకుంటుంటే నేనొక్కణ్ణే నిబ్బరంగా నిలబడ్డాను. ఇంకా దీక్షకు తగనంటారా?"

హేమచంద్ర ఇలా అడిగినప్పుడు భైరవయ్యగారు బియ్యం బస్తాల వంక చూస్తున్నారు. ఆశ్రమం పాడేరు ఘాటు పైన. బియ్యం దిగింది కొండ కింద. సరుకు తెచ్చే వ్యాను మరమ్మతుకని షెడ్డులో ఉంది. మర్నాడే పౌర్ణమి అన్నదానం.

"నా కారుందిగా!" అన్నాడు హేమచంద్ర. ఎర్రటి స్పోర్ట్స్ కారు, ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. పైకప్పు మీద క్యారియర్ బిగించి, పాతిక కిలోల బస్తాలు ఆరు ఎక్కించి తాళ్ళతో కట్టాడు.

"పైకప్పు ఎంత మోస్తుందన్నాడు, చేసినవాడు?"

"డెబ్బై అయిదండీ. కానీ నేను స్ప్రింగులు మార్పించాను. ఏనుగునెక్కించినా కుంగవు."

"స్ప్రింగులు మారాయి సరే. పైకప్పూ మారిందా?"

హేమచంద్ర నవ్వి లెక్కలు చెప్పాడు. అతను లెక్కించినంత మేరకు తప్పేమీ లేదు. "మెల్లగా పోనీ" అని మాత్రం అని, గురువు పక్క సీట్లో కూర్చున్నారు.

ఘాటు మొదట్లో పనసకాయలు నింపుకున్న పాత జీపొకటి ముందు పోతోంది. ప్రతి మలుపులో పక్కకి ఒరిగి, మూలిగి, దాదాపు ఆగిపోయి మళ్ళీ కదులుతోంది.

"చూశారా, ఎలా వంగిపోతోందో! ముసలమ్మ నయం" అంటూ హేమచంద్ర దాన్ని దాటేశాడు.

అతని కారు ఏ మలుపులోనూ ఒరగలేదు. నెత్తిన నూటయాభై కిలోలున్న సంగతి సీటుకు తెలియలేదు, స్టీరింగు పట్టిన చేతులకూ తెలియలేదు. వేగం దానంతటదే పెరిగింది.

పెద్ద మలుపులో, ఏ హెచ్చరికా లేకుండా, లోపలి వైపు చక్రాలు నేలను వదిలాయి.

ఒక్క క్షణం కారు రెండు చక్రాల మీద, ఆకాశానికీ లోయకూ మధ్య నిలిచింది. తాడు తెగింది. సగం బస్తాలు జారి పిట్టగోడ దాటిపోయాయి. ఆ బరువు దిగాక కారు ధబ్బున నేలకు పడి ఆగింది.

ఇద్దరూ దిగారు. లోయ నిండా మబ్బు. ఒక బస్తా కింది చెట్టుకొమ్మకు చిక్కి చిరిగింది. అందులోంచి బియ్యం సన్నటి ధారగా ఆ తెలుపులోకి రాలుతోంది. అడుగున పడిన చప్పుడు కోసం హేమచంద్ర చెవులొగ్గాడు. ఎంతకీ రాలేదు. అంత లోతు ఇంతసేపూ తన పక్కనే ఉంది. అతని చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

జీపు మూలుగుతూ వచ్చి ఆగింది. "ఏం బాబూ, రెక్కలొచ్చాయనుకున్నావా?" అంటూ డ్రైవరు దిగి, మిగిలిన బస్తాలు తన బండిలోకి మార్చుకున్నాడు. జీపు ఇంకాస్త కుంగింది. ఇంకాస్త మెల్లగా కదిలింది.

అది మలుపు తిరిగేదాకా హేమచంద్ర చూస్తూనే ఉన్నాడు. తర్వాత కార్లో కూర్చుని తాళం తిప్పబోతే చెయ్యి వణికింది. రెండో చేత్తో దాన్ని అదిమిపట్టాడు. వణుకు ఆగలేదు.

"మా చెల్లికి పనస తొనలంటే ప్రాణం, గురువుగారూ" అన్నాడు.

భైరవయ్యగారు ఆ అదిమిన చేతిని మెల్లగా పక్కకు తీశారు.

"వణకనీ నాయనా. ఇప్పుడు బండి బరువు చెబుతోంది."