వణకనన్న కొండచిలువ

నల్లవాగు అడవిలో జింకలు, కణుజులు, నెమళ్ళు, ఒక ఉడుము, ఒక ముసలి ముళ్ళపంది, మందగమన అనే కొండచిలువ ఉండేవి.

వాగు ఒడ్డున రాళ్ళ కింద ముళ్ళపంది తవ్వుకున్న బొరియ ఒకటుంది. అందులో వెనక భాగం ముళ్ళపందిది, ముందు భాగం మందగమనది. ముళ్ళను మింగబోయేంత తెలివితక్కువది కాదు మందగమన. కొండచిలువ ఉన్నచోటికి నక్కలు రావు. అందుచేత రెండింటికీ బాగానే సాగిపోయేది.

దూరదేశపు చిత్తడి అడవుల్లో, ఒంటినిండా వలలాంటి గీతలున్న కొండచిలువలు ఉంటాయట. అవి మరీ పొడుగట. ఆ సంగతి నల్లవాగులో ఎవరికీ తెలియదు గనుక అక్కడ మందగమనే అందరికన్నా పొడుగు. చిరుత ఎదురైనా తాను వణకలేదని దానికి గర్వం.

ఎండలు ముదిరిన రోజుల్లో అది గుడ్లు పెట్టింది. తిండి మానేసి, వాటిని చుట్టుకుని పడుకుంది. గుమ్మంలోంచి వచ్చిన వెలుగు దాని ఒంటి మచ్చల మీద ఆకునీడలా కదిలి వెళ్ళిపోయేది. దానికి సగం నిద్ర, సగం మెలకువ. కలలో వాగు తన ఒంట్లోంచే పారుతున్నట్టుండేది.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. అడవి చల్లబడింది. మందగమన ఒళ్ళు తనంతట తానే సన్నగా వణకసాగింది.

తడవకుండా నిలబడదామని గుమ్మంలోకి వచ్చిన ఉడుము అది చూసింది.

"ఏం వదినా, చలిజ్వరమా? లేక ఇటుగా ఎలుకేమైనా పోయిందా?"

సాయంత్రానికల్లా అడవంతా అదే మాట. నెమళ్ళు నవ్వాయి. ఒక కణుజు పనిగట్టుకుని వచ్చి చూసిపోయింది. మందగమనకు తల కొట్టేసినట్టయింది. ఒంటిని బిగబట్టి రాయిలా పడుకుంది. ఉడుము రోజూ తొంగిచూసేది. రోజూ రాయే కనిపించేది.

లోపల, చుట్టల మధ్య, గుడ్లు నెమ్మదిగా చల్లబడుతున్నాయి. కలలో వాగు పారడం మానేసింది.

ముళ్ళపంది మేతకు పోతూ మందగమన పక్కగా ఒదిగి దాటేది. ఒకనాడు దాటబోయి ఆగిపోయింది. ఎప్పుడూ వెచ్చగా ఉండే చోటు చల్లగా ఉంది.

"ఎందుకమ్మా ఇలా బిగుసుకుపోయావు?"

"వణికితే నవ్వుతున్నారు అవ్వా."

"నవ్వనీ. ఆ వణుకుతోనే నీ ఒంట్లో వేడి పుట్టేది. నువ్వు వణకకపోతే లోపలి పిల్లలకు ఎండ ఎక్కడిది తల్లీ?"

మందగమన బిగబట్టిన ఒంటిని మెల్లగా వదిలేసింది. తోక నుంచి తల దాకా వణుకు పాకింది. ఉడుము మళ్ళీ వచ్చి ఏదో అంది. ఆ మాట వాన చప్పుడులో కలిసిపోయింది.

వాన తెరిపిచ్చిన రోజు గుడ్లు చిట్లాయి. పిల్లలు ఒక్కొక్కటిగా తలలు బయటపెట్టి, కాసేపు లోకాన్ని చూసి, వాగువైపు జారిపోయాయి. కొన్ని గుడ్లు మాత్రం చిట్లలేదు. అవి గుమ్మం వైపు ఉన్నవి. ఉడుముకు కనపడుతుందని మందగమన ఒళ్ళు మరీ బిగబట్టింది ఆ వైపే.

పిల్లలు బయటికి రాగానే తల్లి కొండచిలువ తన దారిన పోతుంది. మందగమన పోలేదు. చిట్లని గుడ్లను మళ్ళీ చుట్టుకుని, అడవంతా వచ్చి చూస్తుండగా, వణుకుతూ పడుకుంది. ఉడుము వెనుదిరిగి వెళ్ళిపోయింది. ముళ్ళపంది ఆ సాయంత్రం మేతకు పోలేదు. తన ముళ్ళు తగలకుండా సర్దుకుని, దాని పక్కనే కూర్చుంది.

నీతి: నలుగురూ నవ్వుతారని మన పని మానుకుంటే, నష్టపోయేది నవ్వినవాళ్ళు కాదు, మనల్ని నమ్ముకున్నవాళ్ళు.