జీలుగ వేసిన క్యారెట్ మడి

అనగనగా ఒక రాళ్ల కొండ. కొండ కింద చిన్న అడవి. ఆ అడవిలో, వాగు పక్కన పొదలో, జీలుగ అనే కుందేలు వాళ్లమ్మతో ఉండేది.

పిల్లలూ, జీలుగ కుదురుగా కూర్చున్న రోజు ఒక్కటి కూడా లేదు. సంతోషం వస్తే గెంతేది. భయం వేస్తే గెంతేది. ఏమీ తోచకపోయినా గెంతేది. వాళ్లమ్మ మాత్రం గెంతలేకపోయేది. పోయిన వేసవిలో కొండ మీద గడ్డి మొత్తం ఎండిపోయింది. తిండి కోసం ఆమె అడవి దాటి చేలల్లోకి వెళ్లింది. అక్కడ కుక్కలు తరిమాయి. ప్రాణాలతో బయటపడింది గానీ, వెనక కాలు ఒకటి కుంటిదైపోయింది.

"మళ్లీ ఎండాకాలం వస్తే ఎలాగమ్మా?" అని అడిగింది జీలుగ.

"ఎలాగేముంది? మళ్లీ చేలల్లోకి వెళ్లడమే" అంది అమ్మ.

ఆ మాట విన్నాక జీలుగకి రెండు రోజులు మేత సహించలేదు.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఒక ఉదయం, సంతకి వెళ్లే బండిలోంచి జారిపడిన ఎర్రటి దుంప ఒకటి జీలుగకి బాట మీద దొరికింది. కొరికి చూసింది. కరకరలాడింది. తియ్యగా ఉంది. సగం తిని, మిగతా సగం నోట కరుచుకుని ఇంటికి పరుగెత్తింది. దారిలో కౌజు పిట్ట సోలమ్మ కనిపించింది. సోలమ్మ చేను గట్టున గూడు కట్టుకుని బతికేది. రైతులు చేసే పనులన్నీ రోజూ చూసేది.

"ఇదేంటి అత్తా?" అని అడిగింది జీలుగ.

"క్యారెట్. మా చేను ఆవిడ పండిస్తుంది. నేల లోపల ఊరుతుంది. పండాక తడి ఇసుకలో పాతి పెట్టుకుంటే చాలా రోజులు ఉంటుంది."

జీలుగ చెవులు నిటారుగా లేచాయి. "అయితే నేను పండిస్తాను. ఇవాళే మొదలుపెడతాను. అమ్మ ఇంక చేలల్లోకి వెళ్లక్కర్లేదు."

"నువ్వు ఎప్పుడైనా ఏదైనా పండించావా?"

"లేదు. నువ్వు చెప్పు, నేను చేస్తాను."

సోలమ్మకి ఆ ఉత్సాహం నచ్చింది. చేను ఆవిడ విత్తనానికని వదిలేసిన మొక్క నుంచి, గొడుగులా విచ్చి ఎండిన పూగుత్తి ఒకటి ముక్కున కరుచుకుని తెచ్చింది.

"ముందు నేల లోతుగా తవ్వు. రాళ్లన్నీ ఏరెయ్. కింద రాయి తగిలితే దుంప రెండుగా చీలుతుంది" అంది.

జీలుగ వాగు ఒడ్డున ఇసుక నేల చూసుకుని తవ్వింది. నాలుగు రోజులు ఒళ్లంతా మట్టి. ఏరిన రాళ్లు కుప్ప పడ్డాయి. విత్తనాలు మరీ చిన్నవి, పైగా తేలికవి. ఊపిరి తగిలితే ఎగిరిపోతున్నాయి. సోలమ్మ చెప్పినట్టు వాటిని పొడి ఇసుకలో కలిపి, రెండు పొడవాటి సాళ్లలో చల్లింది. పైన పల్చగా మట్టి కప్పింది. మోదుగాకు దొప్పతో వాగులోంచి నీళ్లు తెచ్చి పోసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూసింది. ఏమీ లేదు. మూడో రోజూ ఏమీ లేదు. ఎనిమిదో రోజుకి సోలమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అత్తా, చచ్చిపోయాయి."

"చావలేదు. క్యారెట్ మొలవడానికి తాపీగా టైం తీసుకుంటుంది. నువ్వు నేల ఆరనీయకు."

పన్నెండో రోజు మట్టి మీద పచ్చటి వెంట్రుకల్లా ఏవో కనిపించాయి. జీలుగ కడుపు నేలకి ఆనించి, కళ్లు దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత మడి చుట్టూ ఎన్నిసార్లు పరుగెత్తిందో దానికే తెలియదు. అమ్మ కుంటుకుంటూ వచ్చి చూసింది. "నిజంగానే మొలిచాయే" అంది. ఆమె అంతలా నవ్వడం జీలుగ చాలా రోజుల తర్వాత చూసింది.

మొక్కలు జానెడు ఎత్తు కాకముందే సోలమ్మ వచ్చింది. మడి చూసి తల ఊపింది.

"బాగా మొలిచాయి. ఇప్పుడు పలచన చెయ్యాలి. మొక్కకీ మొక్కకీ మధ్య నీ పాదమంత ఎడం ఉండాలి. మిగతావి పీకెయ్."

జీలుగ గెంతడం ఆగిపోయింది. "పీకెయ్యాలా? నీళ్లు మోసింది నేను. ఒక్కోటీ మొలుస్తుంటే చూసింది నేను. నీ పిల్లల్లో సగం మందిని గూట్లోంచి తోసెయ్యమంటే తోసేస్తావా అత్తా?"

సోలమ్మకి ఆ మాట గుచ్చుకుంది. అయినా నెమ్మదిగానే చెప్పింది. "నా పిల్లలకి ఇరుకైతే ఇంకో పొదకి పోతారు. వీటికి కాళ్లు లేవు కదమ్మా. ఉన్నచోటే కొట్టుకు చస్తాయి."

సోలమ్మ చూస్తుండగా జీలుగ మొదటి సాలు పలచన చేసింది. ఒక్కో మొక్కా పీకుతుంటే కళ్లు చెమర్చాయి. సోలమ్మ వెళ్లిపోయాక రెండో సాలు ముందు నిలబడింది. పాదం ముందుకి చాచింది, వెనక్కి తీసుకుంది. "దీన్ని ముట్టుకోను" అనుకుంది. అంతటితో ఆగలేదు. పీకిన మొక్కలన్నీ ఏరి, పక్కనే మూడో సాలు తీసి మళ్లీ నాటింది.

నెల తిరిగేసరికి రెండో సాలు గుబురుగా, కళకళలాడుతూ ఎదిగింది. మొదటి సాలు బోసిగా ఉంది. దారిన పోయే జింకలు రెండో సాలు చూసి మెచ్చుకున్నాయి. జీలుగ గాల్లో తేలిపోయింది. "అత్త మాట పూర్తిగా వినకపోవడమే మంచిదైంది" అనుకుంది.

మూడు నెలలు నిండాయి. తవ్వకం రోజు అమ్మా, సోలమ్మా మడి దగ్గరికి వచ్చారు.

"ముందు నా రెండో సాలు చూడండి" అంటూ జీలుగ ఆకులు పట్టి లాగింది. వేరు బయటికి వచ్చింది. అది గడ్డిపరకంత సన్నంగా ఉంది. ఇంకోటి లాగింది. అదీ అంతే. సాలు చివరిదాకా లాగింది. ఒక్కటీ ఊరలేదు.

గబగబా మూడో సాలుకి వెళ్లింది. కొన్ని ఎప్పుడో వడిలిపోయాయి. మిగిలినవి వంకరటింకరగా, మూడు కాళ్లూ నాలుగు కాళ్లూ వేసుకుని వచ్చాయి.

చివరికి జీలుగ మొదటి సాలు ముందుకి వచ్చింది. మొక్క మొదట్లో మట్టి తీసి లాగింది. రాలేదు. కాళ్లు తన్నిపెట్టి లాగింది. తన చెవంత పొడుగు క్యారెట్ ఒకటి ఊడి వచ్చింది. ఆ పక్కది ఇంకా లావుగా ఉంది. సాలు పొడుగునా అలాగే ఉన్నాయి.

అమ్మ ఆ కుప్ప వంక చూసింది. "ఎండాకాలంలో ఒక నెల గడుస్తుంది" అంది మెల్లగా.

ఎండాకాలం ఒక నెలతో అయిపోదని జీలుగకి తెలుసు. "అత్త అన్ని సాళ్లూ పలచన చెయ్యమందమ్మా. నేనే వినలేదు. వాటి మీద ప్రేమ అనుకున్నాను. అన్నిటినీ ఉంచాను, ఏదీ ఎదగలేదు. అత్తా, ఆ రోజు నిన్ను అనకూడని మాట అన్నాను."

సోలమ్మ దాన్ని తిట్టలేదు. "పీకి నాటితే క్యారెట్ వేరు తిన్నగా దిగదమ్మా, విత్తనమే వెయ్యాలి. చలి ఇంకా ఉంది. ఇవాళే విత్తితే ఎండలు ముదిరేలోపు ఇంకో కాపు తీయొచ్చు. గూట్లో విత్తనం ఇంకొంచెం దాచాను" అంది.

ఆ మధ్యాహ్నమే జీలుగ మళ్లీ తవ్వింది. ఈసారి మూడు సాళ్లూ విత్తనంతోనే వేసింది. మొక్కలు లేచాక ఎవరూ చెప్పకుండానే కూర్చుని, పాదంతో కొలుస్తూ పలచన చేసింది. పీకిన లేత ఆకులు తెచ్చి అమ్మ ముందు పెట్టింది. ఆమె ఇష్టంగా తింది. ఎండలు ముదిరేలోపు జీలుగ రెండో కాపు తవ్వి, మొదటి కాపుతో పాటు వాగు ఒడ్డున తడి ఇసుకలో పాతిపెట్టింది.

ఆ వేసవి అమ్మ అడవి దాటలేదు. కొండ మీద గడ్డి మాడిపోయిన రోజుల్లో కూడా, వాగు ఒడ్డున తడి ఇసుక తవ్వితే చల్లటి క్యారెట్ దొరికేది. జీలుగ రోజుకొకటి తీసి, కడిగి, అమ్మకి ఇచ్చేది. ఆమె కొరుకుతుంటే వచ్చే కరకర చప్పుడు వింటూ, ఆ కాసేపు మాత్రం కుదురుగా కూర్చునేది.

నీతి: ప్రేమ ఉంటే చాలదు, ఎదగడానికి చోటు కూడా ఇవ్వాలి. అన్నిటినీ పట్టుకుని కూర్చుంటే ఏదీ ఎదగదు.