నేలమాళిగలో లేని తాళంచెవి

హైమవతి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు అడిగిన ప్రశ్నకు ఆవిడ నేరుగా జవాబు చెప్పేవారు కాదు. ఎవరో ఒక బయటి మనిషిని పిలిపించి, తయారవుతున్న ఆట ముందు కూర్చోబెట్టేవారు. ప్రశ్న అడిగినవాణ్ణి ఆ మనిషి వెనక కుర్చీలో కూర్చోమనేవారు. అక్కడ కూర్చున్నవాడు చేతులు కట్టుకోవాలి, నోరు మెదపకూడదు. ఆడే మనిషి దారి తప్పినా, విసుక్కున్నా, ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయినా సరే, ఒక్క మాట సాయం చెయ్యకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదని ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు.

విశాఖపట్నంలో పెదవాల్తేరు దగ్గర ఒక మేడ మీద ఆవిడ వీడియో గేముల తయారీ నేర్పేవారు. నేను అక్కడ బొమ్మలు వేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఎక్కువ భాగం కళ్ళారా చూసినదే, మిగిలింది చక్రధర్ నోట విన్నది.

బొడ్డేపల్లి చక్రధర్ ది శ్రీకాకుళం వైపు. మా అందరిలోకీ పనిమంతుడు. అతను తయారు చేస్తున్నది ఒక సాహసాల ఆట. కరువు పట్టిన రాజ్యంలో నీళ్ళు ఎక్కడికి పోయాయో వెతుకుతూ ఒక వార్తాహరురాలు గుర్రం మీద బయలుదేరుతుంది. కొండలు, పచ్చిక మైదానాలు, ఎండిన నదులు, కూలిన కోటలు, అన్నీ ఆమె ముందు తెరిచే ఉంటాయి, ఎటు వెళ్ళాలనుకుంటే అటు వెళ్ళవచ్చు. ఒక్క కోట కింద మాత్రం పాతకాలపు ఆటల్లో లాంటి నేలమాళిగ ఉంది. అందులో మూసిన గదులు, తాళం వేసిన తలుపులు, ఎక్కడో దాచిన తాళంచెవులు, చిట్టచివర ఒక రాక్షసుడు. ఈ నేలమాళిగ గురించే అతనికి సందేహం వచ్చింది.

“మేడం, నేలమాళిగ తీసేద్దామనుకుంటున్నాను,” అన్నాడు ఒక రోజు పాఠం అయ్యాక. “ఇప్పుడు ఆడేవాళ్ళకి స్వేచ్ఛ కావాలి. కొండ కనబడితే ఎక్కెయ్యాలి, లోయ కనబడితే దూకెయ్యాలి. వాళ్ళని తీసుకెళ్ళి నాలుగు గోడల మధ్య పడేసి, తాళంచెవి వెతుక్కో, మీట నొక్కు, రాక్షసుణ్ణి చంపు అంటే ఎవరుంటారు? మనం చిన్నప్పుడు ఆడాం కాబట్టి మనకి ముద్దు. అంతే. ఈ పాత పద్ధతి ఇంకా పనిచేస్తుందంటారా?”

“శనివారం మధ్యాహ్నం రా,” అన్నారు హైమవతి గారు.

శనివారం వచ్చిన మనిషి పేరు ఎస్తేరు గారు. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పేవారు, ఆ ఏడాది దీర్ఘ సెలవులో ఉన్నారు. వయసు యాభై దాటింది. చేనేత చీర, భుజానికి పెద్ద సంచి. ఆవిడని చూడగానే చక్రధర్ కి నవ్వొచ్చింది, అది అతనే తర్వాత ఒప్పుకున్నాడు. ఈవిడ గుర్రం ఎక్కడం నేర్చుకునేసరికే సాయంత్రం అయిపోతుందనుకున్నాడట. కాని ఎస్తేరు గారు కళ్ళజోడు మార్చుకుని, చెయ్యి తుడుచుకుని, కంట్రోలర్ ని పట్టుకున్న తీరు చూశాక అతని నవ్వు ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళుగా అలవాటున్న చేతులవి. మరీ అవసరమైతే తప్ప బొత్తాల వైపు చూడటం లేదు.

ఆవిడ చాలాసేపు మైదానంలో తిరిగారు. గుట్ట ఎక్కి దిగారు. గుర్రాన్ని ఎండిన ఏట్లో పరుగెత్తించారు. “బావుంది బాబూ, అరకు వెళ్ళినట్టుంది,” అన్నారు. అంటూనే ఒకసారి ఆవలించారు. అది చూసి చక్రధర్ మొహం కొంచెం వాడింది. తర్వాత కోట కనబడింది. మెట్లు కనబడ్డాయి. ఎవరూ చెప్పకుండానే ఆవిడ గుర్రం దిగి నేలమాళిగలోకి వెళ్ళారు.

లోపలికి వెళ్ళాక ఆవిడ కూర్చున్న తీరే మారిపోయింది. కుర్చీలో ముందుకు జరిగారు. పరుగు మానేసి నడక మొదలుపెట్టారు. గోడ మీద చెక్కిన ఏనుగు బొమ్మ దగ్గర ఆగి తట్టి చూశారు. పగిలిన కుండలో తొంగి చూశారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, రెండూ ఎక్కడ కలుస్తాయో చూసుకున్నారు. కాసేపటికి పెద్ద తలుపు దగ్గరికి చేరారు. దానికి కంచు తాళం వేసి ఉంది. “ఓహో,” అన్నారు. అని తాళంచెవి వెతకడానికి వెనుదిరిగారు.

మేం ఇచ్చిన టీ చల్లారిపోయింది. ఆవిడ ప్రతి గదీ వెతికారు. మళ్ళీ వెతికారు. మొదట్లో దారి కోసం తెర మూలనున్న పటం చూసేవారు, ఇప్పుడు దాని అవసరమే లేకుండా పోయింది, ఏ గుమ్మం ఎటు తెరుచుకుంటుందో ఆవిడకి నోటికి వచ్చేసింది. విసుక్కోలేదు. “ఎక్కడో ఉంటుంది. ఉండకుండా ఎలా ఉంటుంది,” అని తనలో తను అనుకుంటూ ఏనుగు బొమ్మని మరోసారి తట్టారు.

ఆ మాటతో వెనక కుర్చీలో ఉన్న చక్రధర్ కి అసలు సంగతి గుర్తొచ్చింది. నేలమాళిగ ఎలాగూ తీసేద్దామనుకుంటున్నాడు కదా, ముందుగా కొంత పొట్టి చేసి చూద్దామని పోయిన వారం రెండు గదులు తొలగించాడు. కంచు తాళంచెవి ఆ గదుల్లో ఒకదాంట్లో ఉంది. గదితో పాటు అదీ పోయింది. ఎస్తేరు గారు ఇంత ఓపికగా వెతుకుతున్న వస్తువు ఆ ఆటలో ఎక్కడా లేదు.

అతను లేచి వచ్చి హైమవతి గారి చెవిలో చెప్పాడు. “మేడం, తాళంచెవి లేదు. నా పొరపాటే. గది తీసినప్పుడు చూసుకోలేదు. ఆటలో ఏదో ఇబ్బంది వచ్చిందని చెప్పి ఆపేద్దామా?”

“నాకెందుకు చెప్తావు?” అన్నారావిడ తల తిప్పకుండా. “ఆవిడకి చెప్పు.”

చక్రధర్ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు. “ఆంటీ, ఇంక వెతకొద్దు. తాళంచెవి పెట్టడం మర్చిపోయాను. అది లోపల లేదు.”

ఎస్తేరు గారికి వెంటనే అర్థం కాలేదు. తెర వంక, అతని వంక మార్చి మార్చి చూశారు. “లేదా? మొదటినుంచీ లేదా?”

“లేదాంటీ. సారీ.”

ఆవిడ కంట్రోలర్ ని మెల్లిగా బల్ల మీద పెట్టారు. కోప్పడతారేమో అనుకున్నాం. కోప్పడలేదు. “నాకు దొరకలేదనుకున్నాను బాబూ,” అన్నారు. “లేదని మాత్రం అనుకోలేదు.”

కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంటూ ఆవిడే మాట కలిపారు. ఆవిడ భర్త దానియేలు గారు పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసేవారట. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ కలిసి కేసెట్లు పెట్టుకునే వీడియో గేమ్ ఒకటి కొన్నారు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం వంటయ్యాక కాసేపు ఆడేవారు. పిల్లల్లేరు. అదే వాళ్ళ కాలక్షేపం. కిందటి వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. చెయ్యి కొంచెం కొంచెం కదులుతోంది గాని మాట రాలేదు.

“వస్తుందా డాక్టరు గారూ అని అడుగుతాను. రావచ్చమ్మా అంటారు. ఇంకొకాయన, ఎదురుచూడాలి అంటారు. వాళ్ళని అని లాభం లేదు, వాళ్ళకీ తెలీదు కదా,” అన్నారు ఎస్తేరు గారు. “ఇక్కడైతే అలా కాదనుకుని కూర్చున్నాను. తలుపు వేసిన మనిషి ఎవరో ఉంటాడు, అది ఎలా తెరుచుకోవాలో అతనికి తెలిసే వేసి ఉంటాడు అని. అందుకే అంతసేపు తిరిగినా నాకు కష్టం అనిపించలేదు.”

చక్రధర్ తల వంచుకున్నాడు. ఆవిడ లేచి సంచి భుజానికి తగిలించుకున్నారు. “పెట్టాక పిలవండి, వస్తాను,” అని వెళ్ళిపోయారు. అతను కింద గేటు దాకా వెళ్ళి ఆటో ఎక్కించి వచ్చాడు.

తాళంచెవి ఏ మూలనో పెట్టెయ్యడం ఎంతసేపు పని? ఆ సాయంత్రమే చెయ్యవచ్చు. చక్రధర్ అది చెయ్యలేదు. మర్నాడు వచ్చి, ఎస్తేరు గారు ఆడుతుండగా రికార్డయిన ఆట పెట్టుకుని మొదటినుంచీ చూశాడు. ఆవిడ ఎక్కడెక్కడ ఆగారో, దేన్ని తట్టారో, ఏ నీడ చూసి అనుమానపడ్డారో అంతా చూశాడు. చూసిన కొద్దీ అతనికి సిగ్గేసింది. ఆ ఏనుగు బొమ్మ గోడ బోసిగా ఉందని పెట్టించినది, వేసింది నేనే. పగిలిన కుండలు పాత ఆటల్లో ఉంటాయి కాబట్టి పెట్టినవి. ఒక తలుపు తెరిస్తే ఇంకో తలుపు వస్తుంది తప్ప, తెరిచినందుకు లోపల మారేది ఏమీ లేదు. ఆవిడ ప్రతి రాయి వెనకా ఒక ఆలోచన ఉంటుందని నమ్మి తట్టారు. చాలా రాళ్ళ వెనక ఏ ఆలోచనా లేదు.

“నేను పాతబడిపోయిందన్నది నేలమాళిగని కాదు,” అన్నాడు నాతో టీ కొట్టు దగ్గర. “నేను మనసు పెట్టకుండా కట్టినదాన్ని.”

ఆ తర్వాత కొన్ని వారాలు అతను మైదానం ముఖం చూడలేదు. నేలమాళిగని అడుగునుంచి మళ్ళీ కట్టాడు. కోట కింద పాతకాలపు నీటి నిలవలు ఉన్నట్టు ఊహించాడు. ఒక తూము మర తిప్పితే ఒక గదిలో నీళ్ళు దిగి ఇంకో గదిలో ఎక్కుతాయి. మునిగిన గుమ్మం తేలుతుంది, నడిచి వచ్చిన దారి మునిగిపోతుంది. ఆడే మనిషి నీళ్ళు ఎటు పోతాయో ఆలోచించుకుంటూ ముందుకు వెళ్ళాలి. రాక్షసుణ్ణి ఉంచాడు. తాళం వేసిన పెద్ద తలుపూ ఉంచాడు. నా చేత ఏనుగు బొమ్మ మళ్ళీ వేయించాడు, ఈసారి దాని తొండం తూము ఉన్న వైపు చూపిస్తుంది. అయ్యాక, పటం కనబడకుండా చేసుకుని తనే లోపల తిరిగాడు. తాళంచెవి చేతికి వచ్చేదాకా తిరిగి, అప్పుడు ఎస్తేరు గారికి ఫోన్ చేశాడు.

ఆవిడ ఈసారి ఒంటరిగా రాలేదు. దానియేలు గారిని తీసుకొచ్చారు. చక్రధర్, నేను చెరో వైపు పట్టుకుని ఆయన్ని మేడ ఎక్కించాం. పొడుగాటి మనిషి, తెల్లటి మీసం. కుర్చీలో కూర్చోగానే ఎడమ చేత్తో అందరికీ నమస్కారం పెట్టారు. “ఇంట్లో ఎవరూ లేరండీ, ఈయన్ని కనిపెట్టుకుని ఉండే మా వదిన ఊరెళ్ళింది. ఊరికే చూస్తూ కూర్చుంటారు,” అన్నారు ఎస్తేరు గారు, క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. హైమవతి గారు ఆయన కుర్చీని ఆవిడ కుర్చీకి ఆనించి వేయించారు. చక్రధర్ వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఎస్తేరు గారు మైదానంలో ఆగలేదు, గుర్రాన్ని తిన్నగా కోటకి తోలారు. మెట్లు దిగుతుంటే నీళ్ళ చప్పుడు వినబడింది. “ఇదివరకు ఇలా లేదే,” అన్నారు. తూము తిప్పారు. గుమ్మం తేలింది. ఒకసారి తప్పు తూము తిప్పి, వచ్చిన దారి మునిగిపోతే “అయ్యో” అని నవ్వారు. దానియేలు గారు కదలకుండా తెరనే చూస్తున్నారు. ఆయన మొహంలో ఏముందో మాకు తెలియలేదు.

చివరికి ఆవిడ పెద్ద స్తంభాల గదికి వచ్చారు. గది మధ్యంతా నీళ్ళు నిలిచి ఉన్నాయి. అవతలికి దారి లేదు. ఆవిడ గోడలన్నీ చూశారు. స్తంభాల వెనక చూశారు. నీళ్ళలోకి దిగి, పైకి వచ్చి, మళ్ళీ గోడల వెంబడి నడిచారు. తాళంచెవి ఉన్న గది పైన ఉంది. కప్పు దగ్గర కమాను చాటున ఉన్న దాని గుమ్మం తలెత్తి చూస్తే కనబడదు. అలలు తగ్గి నీళ్ళు తేటపడ్డాక, కింద నీళ్ళలో మాత్రం ఆ గుమ్మం నీడ కనబడుతుంది. ఎస్తేరు గారు గోడలు చూస్తున్నారు గాని నీళ్ళు చూడటం లేదు.

కుర్చీ చెయ్యి మీద టక్కుమని చప్పుడైంది. దానియేలు గారు ఎడమ చేత్తో కొట్టారు. మళ్ళీ కొట్టారు. ఆయన కళ్ళు తెర అడుగుభాగం మీద ఉన్నాయి. గొంతులోంచి ఏదో శబ్దం చెయ్యబోతూ ముందుకు వంగారు.

ఎస్తేరు గారు తెర మీంచి చూపు తిప్పకుండా గబుక్కున చెయ్యి ఎత్తి ఆయన నోటికి అడ్డం పెట్టారు. “ఏమండీ, చెప్పకండి! చెప్పకండి, నేనే కనుక్కుంటాను!”

ఆవిడ ఏమన్నారో ఆవిడకి ఒక క్షణం దాకా తెలియలేదు. తెలిశాక చెయ్యి అలాగే ఆగిపోయింది, ఆయన వైపు తిరిగారు. దానియేలు గారి భుజాలు ఊగుతున్నాయి. ఆయన నవ్వుతున్నారు. చప్పుడు లేకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నారు. నవ్వి, సరే చెప్పనులే అన్నట్టు ఎడమ చెయ్యి ఊపి, వెనక్కి వాలి కూర్చున్నారు.

ఆవిడ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ ఆటలోకి వంగారు. కాసేపు వెతికారు. నీళ్ళు తేటపడ్డాయి. “అదా!” అన్నారు.

వాళ్ళని ఆటో ఎక్కించి వచ్చేసరికి పొద్దువాలింది. హైమవతి గారు కిటికీలు మూస్తున్నారు. చక్రధర్ గుమ్మంలో నిలబడ్డాడు.

“అయితే మేడం, పాత పద్ధతి ఇంకా పనిచేస్తుందన్నట్టేనా?”

ఆవిడ చివరి కిటికీ గడియ పెట్టి తిరిగారు.

“‘చెప్పకండి’ అన్న మాట విన్నావు కదా,” అన్నారు. “ఆ మాట పుట్టే చోటు నీ మైదానంలో ఎక్కడైనా కట్టగలిగిన రోజున, ఈ నేలమాళిగని తీసెయ్.”