గుర్తు పెట్టిన ఓటు

ఇంగ్లండులో ఎల్మ్‌స్టో అనే చిన్న ఊళ్ళో భీమశంకరం అనే మందుల షాపాయన ఉండేవాడు. మంచివాడే గానీ, ఎవరినీ నమ్మేవాడు కాడు. సీలు వేసి వచ్చిన డబ్బాలోని మాత్రలు కూడా మళ్ళీ లెక్కపెట్టేవాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, "ఏదో పనుండే నవ్వాడు" అనుకునేవాడు. నవ్వకుండా పోతే, "ఏదో దాస్తున్నాడు" అనుకునేవాడు.

ఆ ఊళ్ళో పిల్లలు ఆడుకునే చిన్న మైదానం ఒకటి ఉండేది. ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు, చుట్టూ గడ్డి. అంతే. భీమశంకరం వీధిలోనే ఉండే హైమవతి రోజూ తన కూతురు పల్లవిని అక్కడికి తీసుకువెళ్ళేది. పల్లవికి తొమ్మిదేళ్ళు. మాటలు రావు. ఉయ్యాల ఎక్కితే మాత్రం సన్నగా ఏదో కూనిరాగం తీసేది. హైమవతి ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజున కూడా, ఆ రాగం వినడానికి నిద్ర మానుకుని ఉయ్యాల ఊపేది.

జిల్లా కౌన్సిలు ఆ మైదానాన్ని ఇళ్ళు కట్టేవాళ్ళకు అమ్మాలనుకుంది. ఆ వార్డు కౌన్సిలరు ట్రిగ్ "అమ్మితే తప్పేముంది?" అన్నాడు. అంతలో ఆ వార్డు సీటుకు ఎన్నికలు వచ్చాయి. ట్రిగ్‌ను పక్కన పెడితే, కౌన్సిలులో అమ్మాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ సరిసమానంగా ఉన్నారు. ఈ ఒక్క సీటుతో తేలిపోతుంది. మైదానం ఉండాలనేవాళ్ళందరూ కలిసి భీమశంకరాన్ని నిలబెట్టారు.

అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళకూ ఆ ఎన్నికల్లో ఓటు ఉంది. ఆ వార్డులో పాతిక దాకా తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అందరూ ఓటేస్తామని మాట ఇచ్చారు. హైమవతి అయితే వానలో గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచింది.

"నా కోసం ఇంత తిరుగుతున్నావేంటమ్మా?" అన్నాడు భీమశంకరం.

"మీ కోసం ఎవరు తిరుగుతారు అన్నయ్యగారూ? మా పిల్ల ఉయ్యాల కోసం" అని నవ్వింది.

ఆ నవ్వు ఆయనకు నచ్చలేదు.

ఒకరోజు ఏదో పని మీద వాళ్ళింటికి వెళ్ళాడు. వంటింటి బల్ల మీద ట్రిగ్ ఫొటో ఉన్న కరపత్రం కనిపించింది.

"ఇదేంటమ్మా?"

"బీరకాయ తొక్కులండీ. పచ్చడి చేస్తున్నా. మీకూ పంపిస్తాను."

"తొక్కులు కాదు. వాటి కింద కాగితం."

"అదా? అందరి తలుపుల్లోనూ వేసి వెళ్ళాడుగా. మంచి దళసరి కాగితం. తడి బాగా పీలుస్తుంది."

భీమశంకరం కూడా నవ్వాడు. ఇంటికి వచ్చాక నవ్వలేదు. భార్య వకుళతో, "తొక్కుల కింద పెట్టింది సరే. అతని మొహం పైకి ఉండేలా ఎందుకు పెట్టింది?" అన్నాడు.

"ఆ మొహం మీద పడ్డవి తొక్కులేగా. పూలు కాదుగా" అంది వకుళ.

"నీకు తెలీదు. రేపు ఓటు పెట్టెలో ఎవరేం వేస్తారో దేవుడికే తెలియాలి."

"మాట ఇచ్చారు కదండీ."

"మాటదేముంది? నాకూ బోలెడంతమంది బోలెడు మాటలు ఇచ్చారు."

ఆ ఆలోచనలోనే ఆయనకు ఒక ఉపాయం తట్టింది. ఆదివారం తెలుగువాళ్ళందరినీ టీకి పిలిచాడు. వకుళ పునుగులు వేసింది. అందరూ తింటూ ఉండగా లేచి నిలబడ్డాడు.

"ఒక చిన్న జాగ్రత్త. కాగితం మీద నా పేరుకు ఎదురుగా ఇంటూ గుర్తు పెడతారు కదా. దాని పక్కనే మీ ఇంటిపేరు మొదటి అక్షరం తెలుగులో చిన్నగా రాయండి."

"ఎందుకండీ?" అన్నాడు యనమదల పేర్రాజు. వాళ్ళందరిలోకీ పెద్దాయన.

"కాగితాలు మార్చేస్తే తెలియొద్దూ? లెక్కపెట్టేచోట నేనుంటాను. అక్షరం కనబడితే మన ఓటు మనకు చేరినట్టే. ఈ దొరలకు అది పిచ్చిగీతలా ఉంటుంది."

"ఇన్నేళ్ళలో ఎవరికి ఓటేసిందో మా ఆవిడ నాకే చెప్పలేదు. మీకెలా చెబుతుందండీ?"

"మీరు నిలబడండి, అప్పుడు చెప్తాను, ఎవరికి వెయ్యలేదో" అంది ఆయన భార్య.

అందరూ పగలబడి నవ్వారు. హైమవతి నవ్వలేదు.

"ఓటు గుట్టుగా ఉండాలి కదన్నయ్యగారూ. దాని మీద రాతలు రాస్తే ఏమన్నా అంటారేమో" అంది.

భీమశంకరం ఆమె వైపు తిరిగాడు. "గుట్టు ఎవరికి కావాలమ్మా? దాచుకునేది ఉన్నవాళ్ళకు."

హైమవతి టీ కప్పు కింద పెట్టింది.

"సరే. రాస్తాను" అంది.

భీమశంకరం ఆ మాట అన్నాక ఇక రాయననేవాళ్ళు ఎవరు? రాయనంటే దొంగ అయిపోవాలి. అందరూ తలలూపారు. వకుళ ఒక్కతే లోపలికి వెళ్ళిపోయింది.

పోలింగు రోజున భీమశంకరం ఎవరినీ వదల్లేదు. ఓటేసి వచ్చిన వాళ్ళ మొహాల్లోకి తొంగి చూశాడు. "రాశారా?" అని గుసగుసగా అడిగాడు. రాశామన్నవాళ్ళను మరింత అనుమానంగా చూశాడు.

మర్నాడు పొద్దున ఆటల హాల్లో లెక్కింపు మొదలైంది. పొడవాటి బల్లల వెనక కూర్చుని ఉద్యోగులు కాగితాలు విడదీస్తున్నారు. అభ్యర్థులు ఇవతల నిలబడి చూడొచ్చు గానీ, ముట్టుకోకూడదు. కట్టలు రెండూ ఇంచుమించు సమానంగా పెరుగుతున్నాయి. భీమశంకరం తన కట్ట ఎత్తు చూడడం లేదు. అక్షరాల కోసం చూస్తున్నాడు.

ఆ అక్షరాలున్న కాగితాలను ఉద్యోగులు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నారు.

చివరికి ఎన్నికల అధికారి వచ్చింది. నెరిసిన జుట్టు, మెల్లని గొంతు. పక్కన పెట్టిన కాగితాలు బల్ల మీద పరిచి, ట్రిగ్‌నూ భీమశంకరాన్నీ దగ్గరికి పిలిచింది.

"వీటి మీద ఏవో గీతలున్నాయి. ఓటు మాత్రం స్పష్టంగానే ఉంది. వేసినవాళ్ళెవరో తెలిసిపోయే రాత అయితే ఆ ఓటు చెల్లదు. ఉత్త గీతలైతే చెల్లుతుంది. మీరేమంటారు?"

"నాకు గీతల్లాగే ఉన్నాయి" అన్నాడు ట్రిగ్, భుజాలు ఎగరేసి.

అప్పుడు భీమశంకరం చెయ్యవలసింది ఒక్కటే. నోరు మూసుకుని ఉండటం.

కానీ ఆయన వంగి కాగితాలు చూస్తున్నాడు. 'య' కనబడింది. పేర్రాజు. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. అన్నీ తనకే. మరి హైమవతిది? ఆమె ఇంటిపేరు పెనుమత్స. ఆ అక్షరం లేదు. "అనుకున్నాను" అని పళ్ళు కొరికాడు. ఇంతలో అధికారి చేతి కింద కాగితం కొంచెం జరిగింది. 'పె' అని గుండ్రంగా, పొందికగా రాసి ఉంది. దాని పక్కన ఇంటూ గుర్తు తన పేరుకు ఎదురుగానే.

"ఇదిగో! ఇది హైమది!" అని ఇంగ్లీషులోనే గట్టిగా అరిచేశాడు.

హాలంతా తిరిగి చూసింది.

"ఏమన్నారు?" అంది అధికారి.

"ఏం లేదు. ఉత్త గీత."

"ఇప్పుడే మీరు ఒక మనిషి పేరు చెప్పారు సార్."

భీమశంకరం బల్ల దగ్గరి నుంచి వెనక్కి జరిగాడు. "అయితే ఇవన్నీ వేసినవాళ్ళ గుర్తులే. ఎవరి ఓటు ఏదో బయటపెట్టడం చాలా తప్పు" అంది అధికారి. తర్వాత ఆ కాగితాలన్నీ ఒకటి చేసి, ఒక్కొక్కదాని మీదా చెల్లదని ముద్ర వేసింది. ట్రిగ్ కిందికి చూస్తూ నిలబడ్డాడు.

ట్రిగ్ పధ్నాలుగు ఓట్ల తేడాతో గెలిచాడు. ముద్ర పడినవి అంతకు రెండింతలు ఉన్నాయి.

హాలు బయట బెంచీ మీద హైమవతి కూర్చుని ఉంది. ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది. పక్కన పల్లవి.

"ఏమైందన్నయ్యగారూ?"

"పోయిందమ్మా. అక్షరాలున్న ఓట్లు చెల్లవన్నారు. కానీ నువ్వు నాకే వేశావు. నేను చూశాను."

హైమవతి బెంచీ మీంచి లేచింది.

"చూడకుండా ఉంటే గెలిచేవారు" అంది.

పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

వేసవి అయిపోకముందే మైదానం చుట్టూ కంచె వేశారు. ఉయ్యాలలు ఊడదీసి లారీలో వేసుకుపోయారు. పల్లవి రోజూ వచ్చి కంచె పట్టుకుని నిలబడేది. రాగం తీసేది కాదు. హైమవతి ఆ పిల్లను బలవంతాన ఇంటికి తీసుకుపోయేది.

భీమశంకరం భార్యతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాడు. తప్పయిందన్నాడు. హైమవతి కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది. అన్నయ్యగారూ అని మాత్రం పిలవలేదు.

ఊళ్ళో ఆయన్ను ఎవరూ తిట్టలేదు. కాకపోతే ఆయన, "రేపు వస్తారా?" అని అడిగితే చాలు, పేర్రాజు, "వస్తానండీ. రాసి ఇమ్మంటారా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆయన తల దించుకునేవాడు.

నీతి: మాట ఇచ్చినవాళ్ళను నమ్మాలి, అనుమానంతో వాళ్ళకు పరీక్ష పెడితే, ముందుగా నష్టపోయేది నమ్మకంగా ఉన్నవాళ్ళే.