సింగులమ్మను దాటకు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, కొండ కింద ఊళ్ళో సింగులమ్మ అనే ముసలామె ఉండేది. ఒక వెదురు కర్ర, అరిగిన మోకాళ్ళు, ఊరంత నోరు. అదీ ఆమె ఆస్తి.

ఏటేటా ఆ ఊరివాళ్ళు మూడు కొండలు దాటి అడవితల్లి పండగకు వెళ్ళేవాళ్ళు. దారిలో ఊరు లేదు, ఇల్లు లేదు. రాతి చాటున పడక, మూడు రాళ్ళ పొయ్యి మీద గంజి, ఎలుగుబంట్లు రాకుండా నెగడు. అబ్బో, ఆ సరదాయే వేరు!

అందరికన్నా ముందు సింగులమ్మ కొడుకు దేముడు. లేడికి లేచిందే పరుగు. ఆ ఏడు తన చిన్నకూతురు గున్నమ్మను భుజాల మీద ఎక్కించుకుని మరీ పరిగెత్తాడు. అందరికన్నా వెనక టక్కు టక్కుమంటూ కర్ర, మెల్లమెల్లగా సింగులమ్మ.

మొదటి కొండ మీద కేకేసింది. "ఆగరా దేముడా! పిల్ల జాగర్త!"

"నువ్వొచ్చేసరికి గంజి కాసేత్తాన్లేయే!" అని నవ్వాడు కొడుకు.

రెండో కొండ మీద మళ్ళీ కేకేసింది.

"నువ్వొచ్చేసరికి నిద్దరోయి లేత్తాన్లేయే!" అని మళ్ళీ నవ్వాడు.

మూడో కొండ నెత్తిన పొగమంచు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. దేముడి అడుగుల చప్పుడు మాత్రం ముందుకే పోతోంది. భుజాల మీద గున్నమ్మ ఏడుస్తోంది. సింగులమ్మ గొంతు చించుకుని అరిచింది.

"ఒరే దేముడా! ఇంకొక్క అడుగేసేవా, మీ అమ్మ చచ్చినంత ఒట్టు!"

తల్లి మీద ఒట్టంటే మాటలా? దేముడు ఎత్తిన కాలు వెనక్కి దించాడు.

టక్కు టక్కు టక్కు. మెల్లమెల్లగా సింగులమ్మ. ఏడుపు వినబడిన వైపే వచ్చి, ఒక చేత్తో కొడుకు మొలతాడు పట్టుకుంది. రెండో చేత్తో కర్ర ముందుకు చాపింది. కర్రకు నేల తగల్లేదు. అంచున ఒక రాయి జారింది. చెవులొగ్గి విన్నారు, విన్నారు... ఎప్పటికో, ఎక్కడో లోయ అడుగున చప్పుడైంది!

దేముడు గబుక్కున వెనక్కి జరిగాడు. "అమ్మా, ఇకనించి నువ్వే ముందు నడవాలే!"

"నడుత్తాను గానీ, ముందు పిల్లనిలా ఇయ్యరా!" అని మనవరాల్ని గుండెకు హత్తుకుని భోరుమంది.

తర్వాత ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, ఊరు ఊరంతా ఆమె వెనకే నడిచింది. పండగకు ఆలస్యంగా చేరారు. అయితేనేం, అందరూ చేరారు!

ఆమె పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఈనాటికీ ఆ కొండలెక్కేముందు "మనలో సింగులమ్మ ఎవరు?" అని అడుగుతారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళు చెయ్యెత్తి ముందుకొస్తారు. ఎంతటి మొనగాడైనా వాళ్ళ వెనకే. తొందరపడితే "సింగులమ్మను దాటకురోయ్!" అని గద్దిస్తారు.

పోయిన పండగకు చెయ్యెత్తింది నేనే. ఆహా, ఊరంతా నా వెనక నడుస్తుంటే ఎంత బాగుందనుకున్నారు!